గోడ ఎక్కే లెక్క

పర్ణశాల వెళ్ళారా మీరు? భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డు పట్టుకుని దుమ్ముగూడెం మీదుగా దాదాపు 35 కిలోమీటర్లు వెళితే వస్తుంది. అక్కడి సీతవాగులో బండల మీద రంగు చారలు చూపించి, సీతమ్మవారు నారచీరలు ఆరవేసుకున్న ఆనవాళ్ళని చెబుతారు. పెద్దవాళ్ళు ఆ బండలకు దండం పెట్టుకుంటుంటే మీ చూపు ఎక్కడ ఉంటుంది? నిజం చెప్పండి! ఏ బండ ఎక్కవచ్చునా అని కదూ?

ఆ కోరిక తప్పు కాదు. కాని ఎక్కడ ఎక్కాలో, ఎలా ఎక్కాలో, ముఖ్యంగా ఎలా పడాలో తెలియకుండా ఎక్కితేనే తంటా.

పర్ణశాలకు పక్క మండలం చర్ల. ఆ మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే విద్యార్థి 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డాడు. అతనితోబాటు నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ కూడా ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అందరికంటే చిన్నది! ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. మరి వాళ్ళు తొలి అడుగు ఎక్కడ వేశారు? మంచుకొండల మీద కాదు, భువనగిరి కోట ఉన్న రాతిగుట్ట మీద. ముందు దగ్గరి బండ, తరువాత దూరపు కొండ. ఏ విద్యకైనా ఇదే వరుస.

ఆ బండకంటే కూడా ముందు మెట్టు ఒకటి ఇప్పుడు నగరాలలో కనిపిస్తోంది. అది ఇంటి కప్పుకింద ఉండే కృత్రిమమైన గోడ. దానిమీద తాడు లేకుండా ఆడే ఆట పేరు బౌల్డరింగ్. బౌల్డర్ అంటే గుండురాయి.

గుండురాయి గదిలోకి ఎలా వచ్చింది?

ఫ్రాన్సులో పారిస్ దగ్గర ఫాంటెన్‌బ్లో అనే అడవి ఉంది. ఆ చెట్ల మధ్య ఇసుకరాతి గుండ్లు చెదరి పడి ఉంటాయి. పెద్ద పర్వతాలు ఎక్కదలచినవాళ్ళు సాధన కోసం ఈ గుండ్లు ఎక్కేవారు. క్రమంగా ఆ సాధనే ఒక ఆట అయింది. 1950లలో అమెరికాలో జాన్ గిల్ అనే యువకుడు దీనికి కొత్త రూపు ఇచ్చాడు. ఆయన వ్యాయామ క్రీడలైన జిమ్నాస్టిక్స్ నేర్చినవాడు. తరువాత గణితశాస్త్ర ఆచార్యుడయ్యాడు. గుండురాయి మీద ఎక్కవలసిన దారిని ఈ ఆటలో 'ప్రాబ్లం' అంటారు. అంటే లెక్క అన్నమాట! లెక్కల మాస్టారికి తగిన ఆటే కదా.

1964లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ అనే అధ్యాపకుడు ఒక వరండా గోడలో రాళ్ళు పొదిగించాడు. వానాకాలంలోనూ చలికాలంలోనూ సాధన ఆగకూడదని ఆయన ఉద్దేశం. నేటి గోడలకు అటువంటివే పూర్వీకులు. హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో కూడా ఇటువంటి గోడలు ఉన్నాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటకు మొదటిసారి చోటు దొరికింది. అక్కడా, 2024లో పారిస్‌లోనూ స్లొవేనియా క్రీడాకారిణి యాన్యా గార్న్‌బ్రెట్ బంగారు పతకం గెలుచుకుంది.

లోపలికి అడుగుపెడితే ఏం కనిపిస్తుంది? నాలుగు, నాలుగున్నర మీటర్ల ఎత్తు గోడలు. వాటిమీద మరలతో బిగించిన రంగురంగుల ప్లాస్టిక్ పట్లు. నేలంతా మందపాటి పరుపులు. ఒకే రంగు పట్లు కలిపితే ఒక లెక్క. గుర్తుపెట్టిన పట్టు దగ్గర మొదలుపెట్టి, చివరి పట్టును రెండు చేతులతో పట్టుకుంటే లెక్క తేలినట్టు. లెక్క ఎంత కష్టమో తెలపడానికి వి-0 నుంచి వి-17 వరకు అంకెలు ఉన్నాయి. కొత్తవాళ్ళు వి-0తోనే మొదలుపెట్టాలి.

మొదటి పాఠం: పడడం

ఎక్కడం నేర్చుకోవడానికి వచ్చినవాడికి గురువు ముందుగా నేర్పేది పడడం! ఎందుకో లెక్క వేద్దాం.

మీ పాదాలు పరుపుకు రెండున్నర మీటర్ల ఎత్తున ఉండగా పట్టు జారింది అనుకోండి. పరుపును తాకేసరికి మీ వేగం సెకనుకు 7 మీటర్లు, అంటే గంటకు సుమారు 25 కిలోమీటర్లు. జోరుగా తొక్కే సైకిలు వేగం అది. ఆ వేగం సున్నా కావాలి. ఎంత దూరంలో సున్నా అవుతుంది అన్నదే అసలు సంగతి.

కాళ్ళు కర్రల్లా బిగబట్టి గట్టినేల మీద పడ్డారు. శరీరం 5 సెంటీమీటర్లలో ఆగిపోయింది. అప్పుడు మీ కాళ్ళ మీద పడే సగటు బలం మీ బరువుకు 51 రెట్లు! మీ బరువు 40 కిలోలైతే రెండువేల కిలోల పైమాటే. ఎముక నిలుస్తుందా?

ఇప్పుడు మెత్తని పరుపు మీద, మోకాళ్ళు వంచుతూ పడ్డారు. పరుపు నొక్కుకోవడం, మోకాళ్ళు వంగడం కలిపి 50 సెంటీమీటర్లలో ఆగారు. బలం మీ బరువుకు 6 రెట్లు మాత్రమే. ఆగే దూరం పదిరెట్లు పెరిగితే దెబ్బ ఎనిమిదిరెట్లకు పైగా తగ్గింది. కోడిగుడ్డును బండ మీద వేస్తే పగులుతుంది, అదే ఎత్తు నుంచి గడ్డివాము మీద వేస్తే నిలుస్తుంది. కారణం ఇదే.

అందుచేత ఈ పద్ధతి కంఠస్థం చేయండి. రెండు పాదాలు ఒకేసారి ఆననివ్వాలి. మోకాళ్ళు వంచాలి. అలాగే వెనక్కి దొర్లిపోవాలి. గడ్డం గుండెకు ఆనించుకోవాలి. చేతులు ఎదురుగా ముడుచుకోవాలి. పడేటప్పుడు చేతిని వెనక్కి ఆనించడం అందరికీ సహజమే, కాని మణికట్టు, మోచేయి విరిగేది అలాగే. మొదట అడుగు ఎత్తు నుంచి, తరువాత మీటరు ఎత్తు నుంచి ఇలా పడి పడి అలవాటు చేసుకోవాలి. లెక్క పూర్తయ్యాక దూకకండి. వీలైనంత కిందికి దిగివచ్చి అప్పుడు వదలండి.

ఇంకొక నియమం. పైన ఎవరైనా ఎక్కుతుంటే వాళ్ళ కింద నడవకూడదు, కూర్చోకూడదు. పరుపు ఉన్నది పడేవాళ్ళ కోసం.

రెండో పాఠం: కాళ్ళను నమ్మడం

ఇది ఇంట్లోనే చేసి చూడండి. కుడి భుజం, కుడి పాదం గోడకు ఆనించి నిలబడండి. ఇప్పుడు ఎడమకాలు పక్కకు ఎత్తండి. ఎత్తలేకపోయారా? మీ బలం తక్కువై కాదు. కాలు ఎత్తాలంటే శరీరం గరిమనాభి కుడిపాదం మీదికి రావాలి. గోడ రానివ్వలేదు. బరువు పాదం మీదికి రాకుండా కాలు కదలదు. గోడ ఎక్కేవాడు అడుగడుగునా పాటించేది ఈ సూత్రాన్నే: ముందు నడుమును జరుపు, తరువాత కాలును ఎత్తు.

కొత్తవాళ్ళు కప్పలా గోడకు దూరంగా నడుము వేలాడేసి, చేతులతో లాగుతారు. నిటారు గోడ మీద మీ చేతులు పాదాలకంటే 1.6 మీటర్లు పైన ఉన్నాయి అనుకుందాం. గరిమనాభి గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక్కి పడిపోకుండా చేతులు గోడవైపు లాగవలసిన బలం మీ బరువులో ఎనిమిదో వంతు. నడుము 40 సెంటీమీటర్లు దూరం జరిగితే నాలుగో వంతు. దూరం రెట్టింపు, శ్రమా రెట్టింపు! తుల, తులాదండం గురించి చదువుకున్నవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. కనుక నడుము గోడకు దగ్గరగా ఉంచండి. శరీరాన్ని పైకి లేపే పని కాళ్ళకు అప్పగించండి. మెట్లు ఎక్కేటప్పుడు మనలను మోసేది కాళ్ళే కదా!

చేతులు వీలైనంతవరకు చాచి ఉంచండి. నీళ్ళ బకెట్టు చెయ్యి చాచి పట్టుకుంటే చాలా దూరం మోయగలం. మోచెయ్యి వంచి పట్టుకుంటే పది అడుగులకే నొప్పి పుడుతుంది.

తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడిని గమనించండి. నడుము చుట్టూ ఉన్న మోకుకు ఒరిగి, చేతులకు విశ్రాంతినిచ్చి, కాళ్ళతో పైకి లేస్తాడు. ఏ పుస్తకమూ చదవకుండా ఈ సూత్రం తెలుసుకున్న శాస్త్రజ్ఞుడు ఆయన.

మూడో పాఠం: ఘర్షణతో స్నేహం

ఒక చెక్కపలక మీద రబ్బరు ముక్క, రూపాయి బిళ్ళ పక్కపక్కన పెట్టండి. పలకను ఒకవైపు మెల్లగా ఎత్తండి. ముందు జారేది బిళ్ళే. మెత్తని రబ్బరు పలకలోని సన్నని ఎగుడుదిగుడులలోకి ఒదిగిపోతుంది. అందువల్ల ఘర్షణ ఎక్కువ. గోడ ఎక్కే బూట్ల అడుగున ఉండేది ఇటువంటి నున్నని, మెత్తని రబ్బరే. ఈ బూట్లు పాదానికి బిగుతుగా ఉంటాయి. కొనవలసిన పనిలేదు, సాధారణంగా అక్కడ అద్దెకిస్తారు. పాదం మధ్యభాగంతో కాక బొటనవేలి కొసతో నిలబడండి. అప్పుడే మడమ ఎటుకావాలంటే అటు తిరుగుతుంది.

చేతులకు ఘర్షణను చెడగొట్టేది చెమట. దాన్ని పీల్చడానికి తెల్లపొడి రాసుకుంటారు. అది మెగ్నీషియం కార్బొనేట్. జిమ్నాస్టిక్స్ నుంచి దీన్ని బౌల్డరింగ్‌లోకి తెచ్చినవాడు మన లెక్కల మాస్టారు జాన్ గిల్.

నాలుగో పాఠం: వేళ్ళను కాపాడుకోవడం

కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుని ఎడమచేతి వేళ్ళు ఆడించండి. ముంజేతిలో కదలిక తెలుస్తోందా? వేళ్ళను బలంగా ముడిచే కండరాలు ముంజేతిలోనే ఉంటాయి. అక్కడి నుంచి స్నాయుబంధనాలనే తాళ్ళు వేళ్ళలోకి వెళతాయి. సైకిలు బ్రేకు గుర్తు తెచ్చుకోండి. నొక్కేది ఒకచోట, పట్టేది మరొకచోట. మధ్యలో తీగ. ఆ తీగ పక్కకు పోకుండా పట్టి ఉంచే ఉంగరాల వంటి కట్లు మన వేళ్ళలో ఉన్నాయి. చిన్న అంచు మీద వేళ్ళు కొక్కెంలా వంచి వేలాడితే భారమంతా ఈ కట్ల మీద, కీళ్ళ మీద పడుతుంది.

మీ వయస్సులో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఎదిగే పిల్లల ఎముకల చివర మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. అది గట్టి ఎముకకంటే బలహీనమైనది. చిన్న అంచులకు పదేపదే వేలాడితే ఆ పొర చిట్లవచ్చు. పట్టించుకోకపోతే వేలు వంకరగా పెరగవచ్చు. మధ్యవేలి నడిమి కణుపు దగ్గర నొప్పి మొదలైతే ఓర్చుకోవడం ధైర్యం కాదు. ఎక్కడం మానివేసి డాక్టరుకు చూపించాలి. పెద్ద పట్లతోనే ఆడండి. ఎదుగుదల పూర్తయ్యేవరకు చిన్న అంచులకు వేలాడే సాధన జోలికి పోకండి.

ముంజేయి బిగిసిపోయి రాయిలా అవుతుంది ఒక్కొక్కసారి. గట్టిగా పట్టినప్పుడు కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కివేస్తుంది. రక్తం, దానితో ప్రాణవాయువు సరిగా అందవు. అందుకే ఒక లెక్క చేశాక రెండు మూడు నిమిషాలు చేతులు వదులుగా వేలాడేసి కూర్చోండి. ఆ విరామంలో గోడవైపు చూడండి. ఏ చెయ్యి ముందు, ఏ కాలు తరువాత అని మనస్సులోనే ఎక్కి చూడండి. ప్రశ్న చదవకుండా జవాబు రాసేవాడికి మార్కులు వస్తాయా?

గోడ దగ్గరలో లేకపోతే?

పర్ణశాలలో అటువంటి గోడ లేదు కదా అంటారు. కాని సాధనకు దారులు లేకపోలేదు. నేలమీద గీసిన గీత మీద కళ్ళు మూసుకుని ఒంటికాలిపై నిలవండి. గుంజిళ్ళు తీయండి. బడి ప్రహరీకి అంచులుంటే, వ్యాయామ ఉపాధ్యాయుని ఎదుట, పాదాలు నేలకు అడుగు ఎత్తు మించకుండా పక్కకు నడవండి. పైకి ఎక్కకుండానే నడుము జరపడం, కాళ్ళను నమ్మడం వస్తాయి.

వాగు బండలు మాత్రం వద్దు. వాటిమీద నాచు ఉంటుంది. నాచుమీద రబ్బరు పాఠం పనిచేయదు. కింద పరుపు ఉండదు, రాయో గోదావరి నీళ్ళో ఉంటాయి. ఎత్తైన రాళ్ళకు కొండతేనె పట్టు ఉండవచ్చు. 51 రెట్ల లెక్క గుర్తుందిగా?

ఈసారి సీతవాగు వెళ్ళినప్పుడు ఒక బండ ఎదుట నిలబడి కళ్ళతో ఎక్కండి. చెయ్యి ఎక్కడ, పాదం ఎక్కడ, గరిమనాభి ఎటు? జారితే ఎక్కడ పడతాం? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు తెలిసేదాకా కాలు నేలమీదే ఉండనివ్వండి. పక్క మండలం కుర్రవాడు ఎవరెస్టు దాకా వెళ్ళాడు. వెళ్ళడమే కాదు, క్షేమంగా దిగి వచ్చాడు కూడా. ఎక్కే విద్యలో సగం అదే.