ఐదు లక్షల్లో పదిమంది లోపే

2024 డిసెంబరు 17న అమెరికా సెనేట్ కమిటీ ముందుకు ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ వచ్చారు. ఆ దేశ కాలేజీ క్రీడల్ని నడిపించే ప్రధాన సంస్థ అదే. 1,100 కాలేజీలు, 5,10,000 మంది ఆటగాళ్లు. అందులో ట్రాన్స్‌జెండర్లు ఎందరని అడిగితే, తనకు తెలిసి పదిమంది కూడా లేరన్నారు. యాభై వేలకు ఒక్కరైనా లేరన్నమాట.

ఈ కొద్దిమంది గురించిన నిబంధన 2011 తర్వాత రెండుసార్లు తలకిందులైంది. 2011 నియమం తేలికగానే ఉండేది. టెస్టోస్టిరాన్ తగ్గించే మందులు ఏడాదిపాటు వాడిన ట్రాన్స్ మహిళ మహిళల జట్టులో ఆడవచ్చు. రక్తంలో ఎంత ఉండాలన్న కొలత లేదు. 2022 జనవరిలో దాన్ని పక్కనపెట్టి, ఏ ఆటకు ఆ ఆట జాతీయ సంఘం గీసిన హద్దే వర్తిస్తుందన్నారు. అప్పటికి ఈత సీజన్ సగానికి వచ్చేసింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఈతగత్తె, ట్రాన్స్ మహిళ లియా థామస్ ఆ మార్పు మధ్యలో చిక్కుకుంది. ఫిబ్రవరి 1న అమెరికా ఈత సంఘం కొత్త హద్దు ప్రకటించింది: లీటరు రక్తంలో టెస్టోస్టిరాన్ 5 నానోమోల్స్ లోపు, అదీ వరుసగా 36 నెలలు. మహిళల్లో ఇది సాధారణంగా 2 లోపే ఉంటుంది, పురుషుల్లో సుమారు 8 నుంచి 29. (ఈ కొలత మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను 2014లో పోటీలకు దూరం చేసింది ఇలాంటి హద్దే. ఆమె ట్రాన్స్ కాదు, పుట్టుకతోనే హార్మోన్ ఎక్కువ.) థామస్ చికిత్స మొదలైంది 2019 మేలో. మార్చిలో ఎన్‌సీఏఏ పోటీలనాటికి 34 నెలలే. సీజన్ మధ్యలో కొత్త హద్దు పెట్టడం అన్యాయమని ఎన్‌సీఏఏ దాన్ని అమలు చేయలేదు.

అట్లాంటాలో జరిగిన ఆ పోటీల్లో 500 గజాల ఫ్రీస్టయిల్‌ను థామస్ 4 నిమిషాల 33.24 సెకన్లలో ముగించి గెలిచింది. టోక్యో ఒలింపిక్స్ రజత విజేత ఎమ్మా వెయంట్ 1.75 సెకన్లు వెనకబడింది. పురుషుల జట్టులో ఉన్నప్పుడు థామస్ ఉత్తమ సమయం 4:18.72. అంటే చికిత్స తర్వాత పట్టిన సమయం 5.6 శాతం పెరిగింది. అప్పటి రికార్డులు చూస్తే ఈ ఈతలో పురుషులకూ మహిళలకూ మధ్య తేడా దాదాపు 7 శాతం. తేడాలో చాలా భాగం పోయింది, పూర్తిగా పోలేదు. ఒక్కరి లెక్కతో శాస్త్రం తేలదు కానీ, రెండు పక్షాల వాదనకూ ఇందులో ఆధారం దొరుకుతుంది. రెండో స్థానంలో నిలిచిన అమ్మాయి బాధను కొట్టిపారేయలేను. అలాగే, ఉన్న నియమాన్ని పాటించి నీళ్లలోకి దిగిన థామస్‌ను మోసగత్తె అనడం నాకు ఘోరంగా తోస్తుంది. తప్పు నియమం రాసినవాళ్లది. చెప్పాల్సింది సీజన్‌కు ముందే చెప్పలేదు.

చిన్న కాలేజీల సంఘం ఎన్‌ఏఐఏ 2024 ఏప్రిల్‌లో 20-0 ఓటుతో ట్రాన్స్ మహిళల్ని మహిళల పోటీల నుంచి తప్పించింది. 2025 ఫిబ్రవరి 5న ట్రాన్స్ మహిళల్ని మహిళల క్రీడలకు దూరం పెట్టాలంటూ అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వచ్చింది. మర్నాడే ఎన్‌సీఏఏ కూడా అదే దారి పట్టింది. మహిళల విభాగంలో పోటీపడాలంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై ఉండాలి. హార్మోన్ కొలతల పనే లేదు.

ఇప్పుడు ట్రాన్స్ విద్యార్థిని మహిళల జట్టుతో కలిసి సాధన చేయవచ్చు, జట్టు వైద్యుడికి చూపించుకోవచ్చు. పోటీరోజు మాత్రం జాబితాలో ఆమె పేరు ఉండదు.