బండి కొన్న మర్నాటి నుంచి

బ్రిటన్ పల్లెల్లో కారు నడపలేని పెద్దవాళ్ల అవస్థ ఒక రకంగా మన పల్లెల్లో కంటే ఎక్కువే. అక్కడ షేర్ ఆటో లేదు. 1985 నాటి ట్రాన్స్‌పోర్ట్ చట్టంతో, 1986 అక్టోబరు 26 నుంచి లండన్ మినహా గ్రేట్ బ్రిటన్ అంతటా ఏ రూట్లో బస్సు నడపాలో కంపెనీల ఇష్టానికి వదిలేశారు. లాభం రాని పల్లె రూట్లలో బస్సు కావాలంటే స్థానిక కౌన్సిళ్లే డబ్బు కట్టి నడిపించుకోవాలి. కౌన్సిళ్ల చేతిలో డబ్బు తగ్గేకొద్దీ ఆ బస్సులూ తగ్గాయి. ఇంగ్లండ్‌లో 2008 ఏప్రిల్ నుంచి వృద్ధులకు రద్దీ లేని వేళల్లో దేశమంతటా లోకల్ బస్సు ప్రయాణం ఉచితం. ఊళ్లోకి బస్సే రానప్పుడు ఆ పాసు దేనికి పనికొస్తుంది? తెలంగాణ మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్ స్త్రీశక్తి పథకాల విషయంలోనూ పల్లెవెలుగు తొంగిచూడని ఊళ్లకు ఇదే ప్రశ్న.

ఈ లోటు పూడ్చడానికి అక్కడ ఛారిటీ సంస్థలు బండ్లు నడుపుతాయి. దాన్ని కమ్యూనిటీ ట్రాన్స్‌పోర్ట్ అంటారు. బయటి నుంచి చూస్తే పెద్ద కష్టమేమీ లేదనిపిస్తుంది: చందాలు పోగుచేసి ఒక మినీబస్సు కొంటే సరిపోదా? సరిపోదు. బండికి చందాలు వస్తాయి, ఎందుకంటే దాని పక్కన దాత పేరు రాయొచ్చు. ఫోన్ ఎత్తి, ఎవరిని ఏ పూట ఎవరు తీసుకెళ్లాలో చూసే మనిషి జీతానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇలాంటి సేవ నిలబడేదీ, మూతబడేదీ ఆ కుర్చీ దగ్గరే అని నా నమ్మకం.

పద్ధతులు మూడు. మినీబస్సు తమ సభ్యులను, అంటే వృద్ధులు, వికలాంగుల వంటివాళ్లను మాత్రమే ఎక్కించుకుంటే సెక్షన్ 19 పర్మిట్ కావాలి. రూటు, టైంటేబుల్ నమోదు చేసి ఊరందరినీ ఎక్కించుకుంటే సెక్షన్ 22. ఈ రెండో రకంలో ఉచిత పాసు చెల్లుతుంది; మొదటి రకంలో దాన్ని చెల్లనివ్వాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టం. రెండింటికీ ఒకటే షరతు, లాభాపేక్ష ఉండకూడదు. మూడోది వాలంటీర్లు సొంత కార్లలో తీసుకెళ్లడం. మారుమూల పల్లెలకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే, కాబట్టి లెక్క కాస్త వివరంగా చూద్దాం.

ఒక పెద్దావిడకు 20 మైళ్ల దూరంలోని ఆస్పత్రిలో కంటి పరీక్ష ఉందనుకోండి. వాలంటీర్ ఇల్లు ఆవిడ ఇంటికి 8 మైళ్లు. ఆయన బయల్దేరి, ఆవిడను ఎక్కించుకుని, ఆస్పత్రిలో కూర్చుని, తిరిగి దింపి ఇల్లు చేరేసరికి 56 మైళ్లు. పన్ను పడకుండా వాలంటీర్‌కు ఇవ్వదగ్గ ఖర్చును 2011లో మైలుకు 45 పెన్సులు చేశారు. ఆ లెక్కన 25 పౌండ్ల 20 పెన్సులు. ఆవిడ కారులో ఉన్నది 40 మైళ్లే, అంటే 18 పౌండ్లు. మిగతా 7 పౌండ్ల 20 పెన్సులు ఎవరు పెట్టుకోవాలి? ఆవిడ మీద వేస్తే దూరంగా ఉన్న పేదవాళ్లే ఎక్కువ కట్టాల్సి వస్తుంది. వాలంటీర్ మీద వేస్తే ఆయన నాలుగు నెలలు చేసి మానేస్తాడు. కాబట్టి సంస్థే భరించాలి. పోనీ, కాస్త ఎక్కువ వసూలు చేద్దామా అంటే చట్టం ఒప్పుకోదు. ప్రయాణికులు ఇచ్చే మొత్తం కారు నడిపే ఖర్చును దాటితే అది సాయం కాదు, కిరాయి అవుతుంది. వేరే లైసెన్సులు, వేరే ఇన్సూరెన్సు కావాలి.

మినీబస్సుకు డ్రైవర్లు దొరకడం ఇంకో చిక్కు. 1997 జనవరి 1 కంటే ముందు కారు లైసెన్సు తీసుకున్నవాళ్లకు మినీబస్సు నడిపే అర్హత దాంతోపాటే వచ్చింది. ఆ తర్వాతి వాళ్లు జీతం లేకుండా నడపొచ్చు గానీ వయసు 21 దాటాలి, లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండాలి, బండి మొత్తం బరువు మూడున్నర టన్నులు మించకూడదు. వికలాంగుల కోసం బిగించిన సామగ్రి ఉంటే 4.25 టన్నుల దాకా వెసులుబాటు ఉంది. పాత లైసెన్సు ఉన్నవాళ్లలో చిన్నవాళ్లే ఇప్పుడు నలభై అయిదు దాటారు. డెబ్బై నిండాక మినీబస్సు అర్హత నిలవాలంటే వైద్యపరీక్ష నెగ్గాలి. తీరిక, ఓపిక ఉన్న రిటైరైనవాళ్ల మీదే సేవ ఆధారపడుతుంది. వాళ్లకేమో ఏటికేడాది ఆ గడువు దగ్గరపడుతుంటుంది.

ఉత్సాహం ఉన్నంత మాత్రాన డ్రైవర్ అయిపోరు. వీల్‌చైర్‌ను లిఫ్ట్ మీద ఎక్కించాక ముందు రెండు, వెనక రెండు పట్టీలతో నేలకు బిగించాలి. ఆ తర్వాత మనిషికి వేరేగా సీటు బెల్టు పెట్టాలి. వీల్‌చైర్‌కు ముందే ఉన్న నడుము పట్టీ చాలనుకుంటారు కొత్తవాళ్లు. అది మనిషి పక్కకు జారకుండా ఉంచడానికి మాత్రమే. గట్టిగా బ్రేకు వేస్తే ఆపలేదు. లిఫ్ట్‌ను ఆర్నెల్లకోసారి నిపుణుడు పరీక్షించాలని చట్టం చెబుతోంది. ఈ శిక్షణకూ, పరీక్షకూ అయ్యే ఖర్చు చందా పుస్తకంలో కనపడదు.

మళ్లీ ఫోన్ దగ్గరి మనిషి సంగతి. పై లెక్కలో పెద్దావిడతోపాటు దారిలో ఉన్న ఇంకో ఇద్దరిని అదే కారులో తీసుకెళ్తే ఒక్కొక్కరి ఖర్చు మూడో వంతుకు దిగుతుంది, మిగతా వాలంటీర్ల కార్లూ ఆ పూట ఖాళీ అవుతాయి. అలా కలపాలంటే ఎవరి మోకాలు వంగదో, ఎవరు ముందు సీట్లోనే కూర్చోగలరో, ఏ డ్రైవర్‌కు పొగమంచులో నడపడం కుదరదో తెలిసి ఉండాలి. ఈ జ్ఞానం ఏ యాప్‌లోనూ దొరకదు, ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చుంటే వస్తుంది. ఆ కుర్చీలోని మనిషి ఆస్పత్రికి ఫోన్ చేసి, ఫలానా మూడు ఊళ్ల వాళ్లకు మంగళవారం ఉదయమే టైము ఇవ్వగలరా అని అడుగుతుంది. అవతలివాళ్లు సరేనంటే ఆ వారం రెండు కార్ల పెట్రోలు మిగులుతుంది.