బీమన్ జలపాతం దగ్గర ఒక రాత్రి

ఆయుధ పూజకు మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, బొరుగులు పంచుకుని ఇంటికొచ్చినాము. రెండు దినాలు లీవు. జలపాతం పక్కన గుడారం వేసుకుని పండుకోవాలని పిల్లోళ్ళ పోరు. ఫోనులో ఎవురో అట్ల పండుకున్నది చూసినారంట. గుడారం కొనే స్తోమత మనకెక్కడిది? వానకు కట్టే టార్పాలిన్ పట్టా, తాడు, దుప్పట్లు, ఒక గిన్నె, పులిహోర మూట, ఇంతే మా సామాను.

నాయననూ రమ్మన్నాము. ఆయన స్పిన్నింగులో ముప్పై ఏండ్లు చేసినాడు. చెవులు చాలావరకు పోయినాయి. ఆ కాలంలో చెవికి అడ్డం పెట్టుకునేదానికి దూదే గతి, అదీ మిషను దగ్గర పీకిందే. ఇంట్లో మేము అరిచి అరిచి విసుగొచ్చి, రాను రాను ఆయనతో మాట్లాడేదే తగ్గించినాము. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. "నేనొచ్చి ఏం చేసేది పాపా" అన్నాడు. బలవంతంగా బస్సెక్కించినాను.

ఆలంగాయం దాటి జవ్వాది కొండెక్కితే కావలూరు. తెల్ల గుండ్రటి కప్పు కనిపిస్తుందే, అది నక్షత్రశాల. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు గారు ఊళ్ళ దీపాల వెలుతురు చేరని చోటని ఈ కొండను ఏరుకున్నారు. 1986లో తెరిచిన 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టినారు. మన కొండ మీది చీకటికి అంత విలువ ఉందని నాకూ ఈమధ్యనే తెలిసింది.

జమునామరత్తూరులో దిగి అడిగితే అడవి శాఖ మనిషి, అనుమతి లేకుండా రాత్రి అడవిలో ఉండేదానికి లేదన్నాడు. 2018 మార్చిలో తేని దగ్గర కురంగణి కొండల్లో మంటలకు ఇరవై మందికి పైగా చచ్చిపోయినాక ఇవన్నీ గట్టిగా చూస్తా ఉండారు. పిల్లోళ్ళ మొహాలు వాడినాయి. మా డిపార్ట్‌మెంటులో పనిచేసే కొండ పిల్ల వాళ్ళ ఊరు అక్కడికి దగ్గరే. వాళ్ళ చేనులో పట్టా కట్టుకునేదానికి ఒప్పించి, పగటిపూట జలపాతానికి పోయినాము.

వానలు పడినాకనే అక్కడ నీళ్ళు బాగుంటాయి. ఆ దినం హోరు ఎట్లుందంటే, పక్కనుండే మా ఆయన అరిచినా నాకు వినపడలేదు. నాయన మాత్రం రాతి మీద కూర్చుని నవ్వతా ఉండాడు. నన్ను చూసి పెదాలు కదిపినాడు: "మన రింగ్ ఫ్రేం ఖాతా మాదిరే ఉంది." నేనూ సైడరునే కదా, పెదాలు చూసి మాట అందుకోవడం మాకు అలవాటే. గంటసేపు గొంతు లేకుండానే మాట్లాడుకున్నాము. మిల్లులో చేరిన మొదటి దినం భయపడి గేటు దాకా పారిపోయినాడంట. ఇన్నేండ్లలో నాకు చెప్పని మాట.

నడిమధ్యలో మాట ఆపేసి నీళ్ళకేసి చూసినాడు. లేచి చెయ్యెత్తి, పిడికిలి బిగించి కిందికి తిప్పినాడు. మిషను ఆపమని మేము చేసే సైగ అది. ఆ సైగ చూస్తే నా కాళ్ళు వాటంతటవే కదులుతాయి. మడుగు అంచున మోకాళ్ళ లోతులో ఉండిన పెద్దోణ్ణి రెక్క పట్టి ఈడ్చుకొచ్చినాను. మా ఆయన చిన్నదాన్ని ఎత్తుకున్నాడు. అప్పుడు చూసినాను, నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగి, ఆకులు పుల్లలు తోసుకొస్తా ఉండాయి. పైన కొండల్లో వాన పడింది, మా మీద ఎండే. కొంచేపటికి పిల్లోడు నిలబడిన రాయి కనపడలేదు.

రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా ఆ నిమిషమే గట్టెక్కాలని చేనుగల్లాయన రాత్రి చెప్పినాడు. వాగు పక్కన పట్టా కట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. వాళ్ళు పెట్టిన సామలన్నం పిల్లోళ్ళు మాత్రం రెండు మాట్లు పెట్టించుకున్నారు.

చుక్కలు చేతికి అందేటట్టు ఉండాయి. చీకట్లో పెదాలు కనపడవు గదా, నాయన మళ్ళీ ఒంటరి అయిపోయినాడు. పెద్దోడు టార్చి తీసి తన నోటికి పట్టుకున్నాడు. "తాతా, గేటు దగ్గర నిన్నెవురు పట్టుకున్నారు?" అని మెల్లగా అడిగినాడు. నాయన చెప్పడం మొదలుపెట్టినాడు. బ్యాటరీ అయిపోయేదాకా ఎవురూ పండుకోలేదు.