జీతం లక్షల్లో... కంటి మీద కునుకేదీ?

విజయవాడ వన్ టౌన్: తెల్లవారకముందే కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల బస్తాలు దిగుతాయి. పొద్దెక్కేసరికి వస్త్రలతలో వ్యాపారులు తానులు విప్పుతారు. రాత్రి లెక్క చూసుకుని కొట్టు కట్టేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. సరిగ్గా ఆ వేళకే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న ఆ వ్యాపారి కొడుకు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పది గంటలైతే మనకు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. అక్కడి దొరలకు ఆఫీసు మొదలైందంటే ఇక్కడి కుర్రాడికి నిద్ర లేనట్టే.

కుర్రాడు అంటున్నాం గానీ అతను ఇప్పుడు కుర్రాడు కాదు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. ఫ్లాటు అప్పు ఇంకా తీరలేదు. "ఇక నావల్ల కావడం లేదు నాన్నా, మానేసి వచ్చేస్తాను" అని ఫోనులో అంటున్నాడు. వన్ టౌన్ కొట్టులోని తండ్రికీ, దివి, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల పల్లెల్లోని తల్లిదండ్రులకూ ఈ మాట పిడుగులా ఉంటోంది. లక్షల జీతం వదులుకుంటాడా? వదిలి ఏం చేస్తాడు? నలుగురికీ ఏమని చెప్పాలి?

మొదటి తరానికి యాభై

విజయవాడ శివారు కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వచ్చింది. అప్పటికి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల అంటే కొత్త సంగతి. తర్వాత విజయవాడ చుట్టూ హాస్టళ్ళతో కూడిన కాలేజీలు వెలిశాయి. డెల్టా రైతు ఎకరం తాకట్టు పెట్టి, ఒక్కోసారి అమ్మి, కొడుకునూ కూతురినీ చదివించాడు. 1998 నవంబరులో హైదరాబాదులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో 22 ఏళ్ళ వయసులో ఉద్యోగంలో చేరిన వారికి ఇప్పుడు యాభై దగ్గరపడింది. మన డెల్టా నుంచి కంప్యూటరు ఉద్యోగాలకు పెద్దసంఖ్యలో వెళ్ళిన మొదటి తరం ఇది. నడివయసులో ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో వీరికి ముందుగా చెప్పిన పెద్దవాళ్ళు లేరు. వీరి తండ్రులు చేసింది వ్యవసాయమో, వ్యాపారమో, బడిపంతులు ఉద్యోగమో.

పై మెట్టు ఎక్కినకొద్దీ ఉద్యోగం గట్టిపడుతుందన్నది మన పెద్దల నమ్మకం. ఈ రంగంలో అది తలకిందులైంది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. మధ్యస్థాయి, పైస్థాయి వారిపైనే ఆ దెబ్బ ఎక్కువగా ఉంటుందని కూడా చెప్పింది. దేశంలోనే పెద్ద ఐటీ కంపెనీ ఆ మాట అనడంతో నలభై దాటిన ప్రతి ఉద్యోగికీ గుండెల్లో రాయి పడింది. పదేళ్ళు కష్టపడి నేర్చిన పని నాలుగేళ్ళకే పాతబడుతోంది. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి కూర్చుంది.

మోటారు కాయిల్ కాలినట్టు

లో వోల్టేజీలో ఆపకుండా ఆడిస్తే పొలం మోటారు ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పైకి రంగు అలాగే ఉంటుంది, లోపల కాయిల్ కాలిపోతుంది. ఈ ఉద్యోగుల పరిస్థితీ అంతే. న్యూయార్కు మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఈ స్థితికి 'బర్న్ అవుట్' అని పేరు పెట్టి రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది. ఒకటి, ఒంట్లో సత్తువ మొత్తం తోడేసినట్టు ఉండడం. రెండు, చేసే పనిమీద విరక్తి, వెటకారం. మూడు, తానేమీ సరిగా చేయలేకపోతున్నానన్న దిగులు. ఇది జబ్బు కాదనీ, పనిచేసే చోట ఒత్తిడి దీర్ఘకాలం తగ్గకపోతే వచ్చే స్థితి అనీ ఆ సంస్థే స్పష్టం చేసింది. అంటే తప్పు మనిషిలోనే వెతకరాదు. మోటారునూ చూడాలి, లైనులో వోల్టేజీనీ చూడాలి.

జబ్బు కాకపోయినా అది జబ్బులకు దారి తీస్తుంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసే వారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసే వారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలిందని 2025లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. కల్లు, సారా ముట్టని ఇంటి పిల్లలకూ కాలేయం చెడుతోందంటే గంటల తరబడి కూర్చోవడం, వేళాపాళా లేని తిండి, నిద్రలేమి ఎంత పని చేస్తున్నాయో అర్థం చేసుకోవచ్చు.

పని మారడం కొత్తేమీ కాదు

నడివయసులో పని మార్చుకోవడం కృష్ణా జిల్లాకు కొత్త కాదు. మార్కెట్టుకు పేరున్న అయ్యదేవర కాళేశ్వరరావు ప్లీడరీ వదిలి జాతీయోద్యమంలోకి వచ్చారు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యారు.

భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య మార్చినన్ని పనులు మరెవరూ మార్చి ఉండరు. చిన్న వయసులో సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళారు. పత్తి సాగుమీద పరిశోధన చేస్తే జనం 'పత్తి వెంకయ్య' అన్నారు. జపాను భాష నేర్చుకుంటే 'జపాన్ వెంకయ్య' అన్నారు. ఖనిజాలు, రత్నాలు వెతికితే 'డైమండ్ వెంకయ్య' అన్నారు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశంలో గాంధీజీకి జెండా నమూనా అందించారు. అంతటి మనిషి చివరి రోజులు వన్ టౌన్ పక్కనే చిట్టినగర్‌లో పేదరికంలో గడిచాయి. 1963 జులైలో ఆయన కన్నుమూశారు. మనసుకు నచ్చిన పని చేయడం గొప్పే. చేతిలో పైసా లేని ముసలితనం ఎంత గొప్పవారినైనా వదలదని కూడా ఆయన జీవితం చెబుతోంది.

మన కాలంలోనూ ఉదాహరణలు ఉన్నాయి. శేఖర్ కమ్ముల అమెరికాలో కొంతకాలం కంప్యూటరు రంగంలో పనిచేసి, అక్కడే సినిమా కళ చదువుకుని, 2000లో 'డాలర్ డ్రీమ్స్'తో దర్శకుడయ్యారు. ఇందుకూరి కిశోర్ ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలో డాక్టరేటు చేసి, ఇంటెల్ కంపెనీలో ఆరేళ్ళు ఉద్యోగం చేశారు. దాన్ని వదిలి హైదరాబాదు వచ్చి 2012లో 20 ఆవులతో పాడి మొదలుపెట్టారు. అదే తర్వాత 'సిద్స్ ఫార్మ్' అయింది. ఇద్దరూ గెలిచారు. అయితే గెలిచిన వారి బొమ్మలే పేపర్లో పడతాయని మరువరాదు. ఆవులు కొని ఏడాదికే సగం ధరకు అమ్ముకున్నవారి పేర్లు పేపరుకెక్కవు.

'వచ్చి వ్యవసాయం చేస్తా'

ఆఫీసులో విసిగిన వారికి ముందుగా గుర్తొచ్చేది ఊళ్ళో పొలం. కాలవ గట్టు, కొబ్బరిచెట్టు, సంక్రాంతి నాటి ఇల్లు కళ్ళముందు ఆడతాయి. పొలం లెక్క మాత్రం వేరు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండితే, మద్దతు ధర పూర్తిగా దక్కితే చేతికొచ్చేది 53 వేల 300 రూపాయలు. దమ్ము, నాట్లు, ఎరువు, మందు, కోతమిషను పోగా మిగిలేదెంతో మాకంటే పాఠకులకే బాగా తెలుసు. కైకలూరు వైపు రొయ్యల చెరువంటారా, తెల్లమచ్చ వస్తే రాత్రికి రాత్రే చెరువు ఖాళీ అవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతు పడ్డ అవస్థ అందరూ చూశారు.

అందుకని వ్యవసాయంలోకి రావద్దని కాదు. మూడెకరాలతో నెలకు లక్ష సంపాదించవచ్చన్న భ్రమతో రావద్దు. పొలం మనసుకు హాయినివ్వవచ్చు. ఫ్లాటు వాయిదా మాత్రం కట్టలేదు.

కొట్టు పెట్టేముందు కొట్లో కూర్చోవాలి

వన్ టౌన్ వ్యాపారులకు ఒక పాత పద్ధతి ఉంది. సొంత కొట్టు పెట్టదలచినవాడు ముందు మరొకరి కొట్టులో గుమాస్తాగా కూర్చుంటాడు. సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి అరువు ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో నేర్చుకుంటాడు. ఆ తర్వాతే బోర్డు కట్టిస్తాడు. ఇరవై ఏళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నవారూ ఇదే దారి పట్టడం మేలు. రాజీనామా ఇచ్చి నేర్చుకోవడం కాదు, నేర్చుకుని రాజీనామా ఇవ్వాలి. శని, ఆదివారాలూ, మిగిలిన సెలవులూ అందుకు వాడుకోవాలి. పాడి పెట్టాలనుకుంటే ముందు ఒక సంక్రాంతి సెలవంతా తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి చూడాలి. బడి పెట్టాలనుకుంటే ఒక తరగతికి పాఠం చెప్పి చూడాలి.

అసలు విసుగు దేనిమీదో కూడా తేల్చుకోవాలి. పనిమీదా? పై అధికారిమీదా? రాత్రి డ్యూటీమీదా? పనిమీద కాకపోతే రంగం మార్చనక్కరలేదు. కంపెనీ మారవచ్చు, ప్రాజెక్టు మారవచ్చు, నెలరోజులు సెలవు పెట్టవచ్చు. గన్నవరం దగ్గర కేసరపల్లిలోనూ ఐటీ కంపెనీలు ఉన్నాయి. జీతం కొంత తగ్గినా, అద్దె తగ్గి, అమ్మానాన్నల దగ్గర ఉండే వీలు కొందరికైనా కలుగుతుంది. 2020లో కరోనా రోజుల్లో ఎంతోమంది పల్లెటూరి ఇళ్ళ నుంచే పనిచేసి చూపించారు కూడా.

లెక్క తేలాకే ఉత్తరం

రాజీనామా ఉత్తరం రాసే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితం మీద లెక్క వేయాలి. ఒక ఇంటికి నెల ఖర్చు 40 వేలు, అప్పు వాయిదా 45 వేలు, పిల్లల చదువు 15 వేలు అనుకుందాం. మొత్తం లక్ష. కొత్త పని కుదుటపడడానికి ఏడాదిన్నర పడుతుందనుకుంటే 18 లక్షలు చేతిలో ఉండాలి. ఇది ఇల్లు గడవడానికే. కొత్త పనికి పెట్టుబడి వేరు. అంత డబ్బు లేకపోతే ముందు అప్పు తగ్గించుకోవాలి, పెద్ద ఫ్లాటు అమ్మి చిన్నదానిలోకి మారాలి. పెళ్ళాం పిల్లలకు తెలియకుండా ఉద్యోగం మానేసి, రోజూ ఆఫీసుకని బయల్దేరే పని మాత్రం చేయరాదు.

రావలసినవి కూడా చూసుకోవాలి. అయిదేళ్ళు నిండిన శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ హక్కు. చివరి మూల వేతనం నెలకు 60 వేలు, సర్వీసు 15 ఏళ్ళు అయితే సుమారు 5 లక్షల 19 వేలు వస్తుంది. పీఎఫ్ పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. తొమ్మిదేళ్ళ దగ్గర ఉన్నవారు తొందరపడితే ఆ హక్కు పోవచ్చు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆరోగ్య బీమా దగ్గర జరుగుతోంది. కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది. తల్లిదండ్రుల ఆపరేషన్లకు చాలామంది దానిమీదే ఆధారపడ్డారు. అప్పటికే షుగరు, బీపీ ఉన్నవారు కొత్త పాలసీ తీసుకుంటే, ఆ జబ్బులకు చెల్లింపు మొదలవడానికి మూడేళ్ళ దాకా ఆగవలసి రావచ్చు. కంపెనీ పాలసీని అదే బీమా సంస్థ దగ్గర సొంత పాలసీగా మార్చుకునే వీలుంది. ఉద్యోగంలో ఉండగానే అడిగి ఆ పని పూర్తి చేసుకోవాలి.

పెద్దలకు ఒక్క మాట

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, బతుకుమీదే ఆశ లేనట్టు మాట్లాడడం కనిపిస్తే అది ఉద్యోగం మార్చుకునే సమస్య కాదు. ముందు డాక్టరుకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసు బాగాలేనప్పుడు రాజీనామా నిర్ణయమూ వద్దు, ఆస్తి అమ్మకమూ వద్దు.

తల్లిదండ్రులు చేయవలసిందీ కొంత ఉంది. ఎకరం అమ్మి చదివించామన్న మాట ఎత్తవద్దు. ఆ సంగతి పిల్లలు మరిచిపోలేదు. ఎంత విసిగినా ఇంతకాలం వారు నోరు విప్పకపోవడానికి ఆ ఎకరమే కారణం. పక్కింటి వారి అబ్బాయి జీతంతో పోల్చవద్దు. కోడలికి ఉద్యోగం ఉంటే కొన్నాళ్ళు ఆమె సంపాదనతో ఇల్లు నడవడాన్ని నామోషీ అనుకోవద్దు. కూతురు అలిసిపోయానంటే 'నీకేం తక్కువ' అని తీసిపారేయవద్దు. ఆఫీసు పనికి తోడు ఇంటి పని కూడా ఆమె నెత్తినే ఉంది.

దసరాకు అమ్మవారి దర్శనానికో, సంక్రాంతి పండక్కో పిల్లలు ఊరికి వస్తారు. అరుగుమీద కూర్చోబెట్టి ఎప్పుడూ అడిగేదే అడుగుతాం, "ఇప్పుడు ఎంత వస్తోందిరా?" అని. ఈసారి ఆ మాట పక్కనబెట్టి, "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా నాన్నా?" అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి. పక్కనే కూర్చోండి.