అణువు, గాలి, ఎండ: ఏ కరెంటు ఎవరికి మేలు?

మేడారంలో కరెంటు విలువ జాతర రోజుల్లో బాగా తెలుస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షలాది జనం వస్తారు. అడవి మధ్యనున్న చిన్న ఊరు నాలుగు రోజులపాటు పెద్ద పట్టణమైపోతుంది. వీధి దీపాలు, నీటి మోటార్లు, వైద్య శిబిరాలు, సెల్ టవర్లు తెల్లవార్లూ పనిచేయాలి. జాతర ముగిశాక అదే ఊరికి కొద్దిపాటి కరెంటు సరిపోతుంది.

రాష్ట్రంలో వాడే కరెంటులో పెద్ద వాటా ఇప్పటికీ బొగ్గుదే. మనకు దగ్గర్లోని చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యమే 1100 మెగావాట్లు. బొగ్గు మండితే పొగ, బూడిద తప్పవు, భూమి వేడెక్కడమూ తప్పదు. అందుకే అణు, పవన, సౌర విద్యుత్తుల గురించి ఇంత చర్చ జరుగుతోంది. ఈ మూడింటికీ మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ తెలుసుకుంటేనే ప్రజలుగా మన మాట చెప్పగలం, దాతలుగా మన డబ్బును సరైన చోట పెట్టగలం.

అణు విద్యుత్తు

యురేనియం అణువు చీలినప్పుడు పుట్టే వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్లు తిప్పుతారు. కొద్దిపాటి ఇంధనంతో ఎంతో విద్యుత్తు వస్తుంది, పొగ ఉండదు. పగలు, రాత్రి, వాన, ఎండ తేడా లేదు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు వరకు ఏకధాటిగా 962 రోజులు నడిచి ప్రపంచ రికార్డు సాధించింది. ఈ రంగంలో మన పాత్రా చిన్నది కాదు. రియాక్టర్ల ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. వాటికి కావలసిన భారజలాన్ని గోదావరికి ఇవతలి ఒడ్డునే, మణుగూరు దగ్గరి కర్మాగారం 1991 నుంచి అందిస్తోంది. అక్కడ ఉన్నది రియాక్టర్ కాదు. ఆ కర్మాగారంలో జాగ్రత్త పడవలసింది రేడియేషన్ గురించి కాదు, తయారీలో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గురించి.

ఇక నష్టాలు. మొదటిది ఖర్చు, కాలం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలని ఎన్నో ఏళ్ల కిందటే నిర్ణయించారు. ఊళ్లవాళ్లు భూములు వదులుకోవలసి వచ్చింది కానీ రియాక్టర్లు మాత్రం లేవలేదు. రెండోది వాడేసిన ఇంధనం. దాన్ని వేల ఏళ్లు భద్రంగా కాపాడాలి. మూడోది తవ్వకం. కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం గని చుట్టుపక్కల భూగర్భజలాలు చెడిపోయాయని రైతులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరు 16న తీర్మానం చేసింది.

1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా ప్రమాదాలు ప్రపంచాన్ని వణికించాయి. అయితే ఒక్కో యూనిట్ కరెంటుకు లెక్కగడితే బొగ్గు పొగ తీసే ప్రాణాలే అణు విద్యుత్తు తీసేవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలాగని స్థలం ఎంపికలో ఏమరుపాటు కూడదు. 2024 డిసెంబరు 4 ఉదయం 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి కేంద్రం మన ములుగు జిల్లాలోనే ఉంది. గోదావరి లోయ కదలని నేల కాదని 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం కూడా చెప్పింది.

పవన విద్యుత్తు

గాలిమరకు ఇంధనం ఖర్చు లేదు, పొగ లేదు. మరల మధ్య నేలలో రైతు పంట వేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల గుట్టల మీద 4 వేల మెగావాట్లకు పైగా గాలిమరలున్నాయి. తెలంగాణలో 150 మెగావాట్లు కూడా లేవు. కారణం తేలికే. గాలి వేగం సగానికి తగ్గితే దానిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందువల్ల కొద్దిపాటి గాలి ఉన్నచోట మర నిలబెట్టినా లాభం లేదు.

మన దగ్గర గాలి రాదని కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు కూలాయి. కానీ అలాంటి గాలి విద్యుత్తుకు పనికిరాదు. గాలి మరీ ఉద్ధృతమైతే యంత్రం పాడవకుండా మరను ఆపేస్తారు. కావలసింది నిలకడగా వీచే గాలి. అది ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది. జాతర జరిగే మాఘమాసానికి తగ్గిపోతుంది.

సౌర విద్యుత్తు

ఎండ మనకు కొదవలేదు. కర్నూలు ప్రాంతంలో 1000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే పలకలు 2022 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్నాయి. వాటివల్ల భూమి మిగిలింది, నీరు ఆవిరైపోవడమూ తగ్గింది. నేల మీదైతే ఒక్కో మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. ఇళ్ల పైకప్పులకు 2024 నుంచి కేంద్ర పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది.

లోపాలూ ఉన్నాయి. రాత్రి కరెంటు రాదు. ముసురు పట్టినా, చెట్టు నీడ పడినా, దుమ్ము పేరుకున్నా తగ్గిపోతుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. లైనుకు కలిపి, బ్యాటరీ లేకుండా పెట్టుకున్న పలకలు ఊళ్లో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటిది. పలక పాతికేళ్లు పనిచేస్తుంది కానీ మామూలు బ్యాటరీ నాలుగైదేళ్లకే మార్చాలి.

మనకు ఏది?

జాతర రాత్రుల భారాన్ని ఎండగానీ గాలిగానీ ఒంటరిగా మోయలేవు. దానికి ఎడతెగక కరెంటిచ్చే పెద్ద కేంద్రాలు, వాటిని కలిపే లైన్లు, నిల్వ ఏర్పాట్లు కావాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు నీటిని తిరిగి పైకి తోడగలవు. అలా మిగులు కరెంటును నీటి రూపంలో దాచి రాత్రికి వాడుకోవచ్చు. అణు విద్యుత్తుకూ అక్కడ చోటుంది. అది ఎక్కడ పెట్టాలో, ఎవరి భూమి పోతుందో ప్రజలను అడిగే నిర్ణయించాలి.

పగటి పని మాత్రం వేరు. ఒక పల్లె బడిలో 75 వాట్ల ఫ్యాన్లు పది, 10 వాట్ల బల్బులు పది ఆరు గంటలు నడిస్తే రోజుకు సుమారు ఐదు యూనిట్లు. ఒక కిలోవాట్ పలకలు మంచి ఎండలో నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. అంటే రెండు కిలోవాట్లు చాలు. బడికీ, తాగునీటి బోరుకూ కరెంటు కావలసిందీ పగలే, ఎండ కాసేదీ పగలే.

అందుకే సేవా సంఘాలు గూడేలకు సౌర పలకలు ఇవ్వాలనుకుంటే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. వాడకం పగలా, రాత్రా? కప్పు మీద నీడ పడుతుందా? పలకలు తుడిచేదెవరు? బ్యాటరీ అయిపోయాక కొత్తదానికి డబ్బు ఎక్కడిది? విరాళంలో కొంత భాగాన్ని మొదటిరోజే ఆ బ్యాటరీ కోసం పక్కన పెట్టాలి. అలా చేయకపోతే ఐదో ఏట ఆ ఇంట్లో పిల్లలు మళ్లీ చీకట్లోనే కూర్చుంటారు. ఇచ్చిన దీపం వెలుగుతూ ఉన్నంతకాలమే అది దానం అనిపించుకుంటుంది.