గోడమీది అయిదంకెలు

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో క్షయరోగులకై వెలసిన ఆరోగ్యధామమును ఎరుగనివారు ఆ ప్రాంతమున అరుదు. ఒకనాడు క్షయ యను పేరెత్తుటకే జనులు జంకెడివారు. ఇంట నెవరికైన ఆ జబ్బు సోకినచో ఇరుగుపొరుగులకు తెలియనీయక దాచెడివారు. దాచినకొలది అది ముదిరెడిది. సరియైన మందులు వచ్చిన పిమ్మట ఆ భయము చాలవరకు తగ్గినది. కాని మనసునకు కలుగు వ్యాధిని దాచు అలవాటు నేటికిని మనలను వీడలేదు.

ఈ దాపరికము పిల్లలయెడ మరింత ప్రమాదకరము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. బాధను వినువారొకరు చేరువనుండుట ఎంత అవసరమో ఆ దుర్వార్తలు మనకు తెలిపినవి.

అట్లు వినుటకొక సాధనము నేడున్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ‘టెలీ మానస్’ సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును. అవసరమైనచో నిపుణులకు అప్పగించును. తెలుగు, ఉర్దూ, కన్నడములతో సహా ఇరువది భాషలలో ఈ సేవ లభించుచున్నది. కన్నడదేశపు పొలిమేరనున్న తాండూరు పిల్లలకు ఇది చిన్న మేలు కాదు. దుఃఖము ఇంటిభాషలోనే సూటిగా పలుకును.

విశాఖపట్నమున మరణించిన ఒక విద్యార్థిని విషయమున 2025 జులై 25న తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, ఇట్టి సంఖ్యలను తరగతి గదులలోను వసతిగృహములలోను పెద్ద అక్షరములతో ప్రదర్శింపవలెనని ఆదేశించినది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో అర్హుడైన సలహాదారు ఉండవలెననియు, సిబ్బందికి ఏట రెండుమారులైన శిక్షణ నీయవలెననియు చెప్పినది.

గోడమీద అంకెలు వ్రాయుట సులభము. ఫోను ఎవరిది? నాపరాతి గనికో, పాలిషింగు యంత్రశాలకో పోవు తండ్రి దానిని వెంట తీసికొనిపోవును. సాయంత్రము ఒంటిగదిలో నలుగురి నడుమ కూర్చుండి బాలిక తన మనసులోని మాట ఎట్లు చెప్పుకొనును?

కనుక బడిలో ఒక గది, ఒక ఫోను, ఒక అరగంట సమయము కావలెను. ఉపాధ్యాయుడు తలుపు వెలుపల కూర్చుండవలెను. లోపల ఏమి మాటలాడితివని గ్రుచ్చి అడుగరాదు. మార్కులను అందరు చూచునట్లు వాట్సాప్ బృందములలో పెట్టు అలవాటున్నచో దానిని నేడే మానవలెను. ఓదార్చవలసిన సాధనముతోనే గాయపరచుట తగదు.

ఎంతటి యంత్రమైనను పిలిచినపుడే పలుకును. పిలువలేని బిడ్డను కనిపెట్టవలసినవాడు ఉపాధ్యాయుడే. ముందు బల్లనుండి వెనుకకు జరిగినవానిని, మధ్యాహ్నభోజనపు వేళ ఒంటరిగా మిగిలినదానిని, కారణము లేకయే తరచు బడి మానువానిని ఆయన కన్నులే చూడగలవు. “ఏమి నాయనా, ఈ మధ్య ముభావముగా ఉన్నావే?” అను పలుకరింపు ఆ అయిదంకెలకు ముందు రావలెను.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. స్నేహితుడు చెప్పిన రహస్యమును కాపాడుట ధర్మమే. కాని అతని ప్రాణమునకు ముప్పున్నదని తోచినపుడు ఆ సంగతి నమ్మదగిన పెద్దలకు వెంటనే చెప్పుట అంతకు మించిన ధర్మము. అది చాడీ కాదు, స్నేహము.