చల్లని ఊరిలోనూ ఎండ ఎండే

రాయలసీమ నుండి, తెలంగాణ నుండి బెంగళూరుకు వచ్చిన మనవారికి ఇక్కడి ఎండ తేలికగా తోస్తుంది. గాలి చల్లగా ఉండడమే అందుకు కారణం. అయితే చర్మానికి హాని చేసేది వేడి కాదు, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం చొప్పున వాటి తీవ్రత పెరుగుతుంది. ఈ నగరం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పలుచని మబ్బు కూడా ఆ కిరణాలను పూర్తిగా ఆపలేదు.

ఏళ్ల తరబడి పోగైన ఆ హాని ముడతలుగా, మచ్చలుగా, అరుదుగా క్యాన్సర్‌గా బయటపడుతుంది. మన చర్మంలోని మెలనిన్ కొంత కాపు కాస్తుంది గనుక ఆ వ్యాధి మనలో తక్కువే. కాని ఆ ధీమాతోనే చాలామంది ఆలస్యంగా వైద్యుని వద్దకు వెళ్తారు. పైగా మనలో అది ఎండ సోకని అరికాలిలోనో, గోటి కిందనో, పాత కాలిన మచ్చలోనో కూడా పుట్టవచ్చు.

ఆరుబయట పనిచేసేవారు ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు వీలైనంత నీడ చూసుకోవాలి. నిండు చేతుల చొక్కా, తలపాగా లేదా వెడల్పు అంచు టోపీ ధరించాలి. నెల దాటినా మానని పుండు, రూపు మారుతున్న పుట్టుమచ్చ, గోటి కింద కొత్తగా ఏర్పడిన నల్లని చార కనబడితే, నొప్పి లేదని ఉపేక్షించక చర్మవైద్యునికి చూపించండి. తొలిదశలో గుర్తిస్తే చాలావరకు చిన్న శస్త్రచికిత్సతోనే నయమవుతుంది.